డిసెంబర్ 4 లిస్టులో లేని పేరు

మా హాస్టల్లో మెస్‌కి పోయే దారిలో ఒక నోటీసు బోర్డు ఉంది. మెస్ బకాయిల లిస్టు, పోయిన ఐడీ కార్డుల ప్రకటనలు తప్ప దాని మీద ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ చూడరు. ఈ సెమ్ మొదలైనప్పటి నుంచి మా రూమ్మేట్ ఒకడు దానికి ప్రాణం పోశాడు. వాడు మెకానికల్, గిటార్ పిచ్చి. రోజూ ఒక తెల్లకాగితం మీద రాక్ సంగీత చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో స్కెచ్ పెన్నుతో రాసి అంటిస్తాడు. ఇడ్లీ కోసం లైన్లో నిలబడి అది చదవడం అందరికీ అలవాటైపోయింది.

డిసెంబర్ 4 కాగితం మాత్రం మామూలు కంటే పొడుగ్గా ఉంది. 1956లో మెంఫిస్ ఊళ్ళో సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్, కార్ల్ పెర్కిన్స్ అనుకోకుండా ఒక్కచోట కలిసింది ఆ రోజే. 1971లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో కసీనో తగలబడిందీ, ఆ పొగలోంచి డీప్ పర్పుల్ వాళ్ళ అతి పెద్ద పాట పుట్టిందీ ఆ రోజే. 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాక ఇక మేం లేమని లెడ్ జెప్లిన్ ప్రకటించిన రోజు. 1993లో ఫ్రాంక్ జాపా చనిపోయిన రోజు. ఒక్క తేదీకి ఇంత చరిత్రా అనిపించింది.

చదువుతూ ఉంటే నాకు ఇంకో సంవత్సరం గుర్తొచ్చింది. 1922. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టిన తేదీ కూడా డిసెంబర్ 4 కదా, ఆయన్ని ఎందుకు వదిలేశావురా అని అడిగాను. రాక్ లిస్టులో ఆయనెందుకు అంటాడనుకున్నా. వాడు అలా అనలేదు. ఎవరు, చావింట్లో పాడే ఆయనా అన్నాడు.

వాణ్ణి తప్పు పట్టలేకపోయాను. నేను పుట్టిపెరిగింది కోసిగిలో. ఆదోని దాటి మంత్రాలయం రోడ్డు వైపు పోయే రైలెక్కితే మధ్యలో తగులుతుంది మా ఊరు. మా సైడు పొద్దున్నే ఎక్కడినుంచైనా భగవద్గీత వినిపించిందంటే, టీ గ్లాసు కింద పెట్టి ఎవరు పోయినారో కనుక్కోవడమే మొదటి పని. శవాన్ని తీసుకుపోయే బండికి ముందు ఆ గొంతు కట్టి ఉంటుంది. వానలు సరిగా పడని ఏడు ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. మిరపకోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. అట్లాంటి ఏడు ఊరు బోసిపోయి ఉంటే దూరంగా ఎక్కడో ఆ గొంతు ఒక్కటే వినబడేది. చిన్నప్పుడు నాకది చావు గొంతు. ఆ గొంతు వెనక ఒక పిల్లవాడు, ఒక స్టూడెంటు, ఒక ఖైదీ ఉన్నారని తెలియడానికి ఇంజనీరింగ్ దాకా రావలసి వచ్చింది. అందుకే ఈ వ్యాసం. మా వాడి లిస్టుకు ఒక్క లైను చేర్చబోయి ఇంత రాసేశాను, ఓపిగ్గా చదవండి.

కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లి ఆయన ఊరు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయించేవాడు, భజనలు పాడేవాడు. తల్లి రత్తమ్మ. నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ ఆ తండ్రి కొడుకుని భుజాల మీద ఎక్కించుకొని తిప్పేవాడు, పిల్లాడు ఆ పాటకు అడుగులేసేవాడు. జనం ముచ్చటపడి బాల భరతుడు అని పేరు పెట్టారు. కానీ ఆ భుజాలు ఎక్కువ కాలం లేవు. కొడుక్కి ఇంకా చిన్న వయసుండగానే తండ్రి పోయాడు. పోతూ పోతూ సంగీతం గొప్పదనం చెప్పి, నువ్వు మంచి విద్వాంసుడివి కావాలని కోరాడు. తర్వాత ఆ కుటుంబాన్ని మేనమామ పిచ్చిరామయ్య చూసుకున్నాడు.

తండ్రి చెప్పింది పిల్లాడికి ఎప్పుడు గట్టిగా తగిలిందంటే, ఒక పరువు తక్కువ పని జరిగినప్పుడు. పక్క ఊళ్ళో కచేరీ జరుగుతుంటే వెళ్ళాడు. విద్వాంసులు పాడుతున్నారు. నేనూ పాడతానని ముందుకెళ్ళాడు. శాస్త్రం తెలియదు కదా, వాళ్ళ ముందు నిలవలేకపోయాడు. జనం నవ్వారు. సెమినార్లో సగం స్లైడ్లకే నోరు ఎండిపోయిన మనలాంటి వాళ్ళకు ఆ నవ్వు ఎట్లా ఉంటుందో తెలుసు. మనమైతే ఆ నెలంతా ఆ క్లాసు ఎగ్గొడతాం. ఈయన సంగీతం తెలిసిన వాళ్ళ ఇళ్ళలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, ఇంకో ఇంట్లో వంట చేశాడు. పని చేసిపెడితే పాఠం చెబుతారని ఆశ. పని బాగానే వచ్చింది, పాఠం మాత్రం పెద్దగా రాలేదు.

అప్పుడు విజయనగరం మీద మనసు పడింది. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత వయొలిన్ మహానుభావుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. దారి ఖర్చులకు చేతిలో డబ్బు లేదు. వేలికి ఉంగరం ఉంది. నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి బయలుదేరాడు. తీరా వెళ్ళేసరికి కాలేజీకి తాళం. వేసవి సెలవులు! అడ్మిషన్ కోసం అన్ని సర్టిఫికెట్లూ పట్టుకొని పోతే ఆ రోజు ఆఫీసుకు సెలవని తెలిసినప్పుడు మన మొహం ఎట్లా పెడతామో ఊహించుకోండి. మనకైతే వెనక్కి రావడానికి బస్సు చార్జీ ఉంటుంది.

బతిమాలుకుంటే కాలేజీ ఆవరణలో పడుకోవడానికి ఒప్పుకున్నారు. తిండికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. పేద విద్యార్థికి ఒక్కో రోజు ఒక్కో ఇంటివాళ్ళు అన్నం పెట్టే ఏర్పాటు అది. సోమవారం ఒకరిల్లు, మంగళవారం ఇంకొకరిల్లు. స్కాలర్‌షిప్పులు లేని కాలంలో ఎందరో పెద్దవాళ్ళు ఇట్లాగే చదువుకున్నారు. ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. మీ మీద ఒక్క మాట పడిందంటే ఏడు ఇళ్ళ తలుపులూ ఒకేసారి మూసుకుపోతాయి.

సరిగ్గా అదే జరిగింది. తోటి పిల్లలు చేసిన తప్పు ఈయన నెత్తిన పడింది. కాలేజీ ఆవరణలోంచి పొమ్మన్నారు. సంగతి ఊళ్ళో తెలిసి, వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా ఇక రావద్దన్నారు. తెలియని ఊళ్ళో, చేయని తప్పుకు, ఒక్క రోజులో చోటూ పోయింది, కూడూ పోయింది. వెళ్ళి ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడిలోనే పట్రాయని సీతారామశాస్త్రి గారు కనబడ్డారు. ఆయన సంగతి విని, నేను పాఠం చెబుతాను, డబ్బేమీ వద్దు అన్నారు. నా మటుకు నాకు ఘంటసాల జీవితంలో అన్నిటికంటే పెద్ద సంఘటన ఇదే. సినిమాలు, బిరుదులు అన్నీ దీని తర్వాత సంగతి. ఒక పిల్లాడి మీద నింద పడి ఊరంతా తలుపులేసుకున్నప్పుడు ఒక మేష్టారు మాత్రం ఇంట్లోకి రమ్మన్నాడు. అయితే శాస్త్రి గారూ పేదవాడే. విద్య పెట్టగలరు గానీ రోజూ అన్నం పెట్టలేరు. ఒక సాధువు ఘంటసాలకు జోలె కట్టడం, మాధుకరం చేయడం నేర్పించాడు. తేనెటీగ పువ్వు పువ్వుకూ తిరిగినట్టు గడప గడపకూ తిరిగి అన్నం అడుక్కోవడమే మాధుకరం. పొద్దున పాఠం. ఆ తర్వాత భుజాన జోలె వేసుకొని విజయనగరం వీధుల్లో తిరగడం. తెచ్చిన అన్నం రెండు పూటలకూ సరిపెట్టుకోవాలి. రాత్రికని గుడ్డలో మూటగట్టి పెడితే చీమలు పట్టేవట. ఆ సంగతి చూసి శాస్త్రి గారు దాచుకోవడానికి ఒక డబ్బా ఇచ్చారు.

శాస్త్రి గారి శిక్షణ మాత్రం మెత్తగా ఉండేది కాదు. చీమలు పట్టిన అన్నం తిని వచ్చాడని స్వరం తప్పితే ఊరుకోలేదు. సెలవులైపోయాక ఘంటసాల కాలేజీలో చేరాడు, పట్టా పుచ్చుకున్నాడు, అదే విజయనగరంలో కచేరీలు చేసి మెప్పించాడు. అప్పుడు సొంతూరికి వెళ్ళాడు. మళ్ళీ పెళ్ళిళ్ళలో పాడటం, పిల్లలకు పాఠాలు చెప్పడం.

ఇక్కడ కథ మా వైపు తిరుగుతుంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అప్పటికి ఘంటసాలకు ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. అంటే మన థర్డ్ ఇయర్ వయసు. ఉద్యమంలోకి దిగాడు, పట్టుకున్నారు, పద్దెనిమిది నెలలు జైలు. ఆ జైలు ఎక్కడో కాదు, బళ్ళారి అలీపురం జైలు. ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే అప్పటికి మా కోసిగి కర్నూలు జిల్లాలో లేదు. ఆదోని తాలూకా మొత్తం బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు ఇటు కలిశాయి. అంటే ఆ పద్దెనిమిది నెలలూ ఘంటసాల మా జిల్లా ఖైదీ. మా తాత ముత్తాతలు కోర్టు పనుల మీద ఆలూరు మీదుగా బళ్ళారి పోయి వచ్చే రోజుల్లో, ఆ ఊరి జైలు గోడల వెనక ఆయన ఉన్నాడు. మా సైడు మాటల్లో తెలుగూ కన్నడమూ కలగలిసి ఉంటాయి. కృష్ణా జిల్లా కుర్రాడి చెవిన ఆ కలగలుపు మాట పడే ఉంటుందని నా ఊహ. ఇది మాత్రం ఊహే, చరిత్ర కింద రాసుకోకండి.

జైలు నుంచి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రి గారితో పెళ్ళయింది. పెళ్ళిలో కచేరీకి ఎవర్ని పిలుద్దాం అన్న బాధే లేదు, పెళ్ళికొడుకే కూర్చొని పాడాడు. చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారట. అత్తగారి ఊరు పెదపులివర్రు వైపు ఉన్నప్పుడు సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారు పరిచయమయ్యారు. ఆయన పాట విని, నువ్వు మద్రాసు రావలసినవాడివి అన్నారు. మళ్ళీ అదే సమస్య, దారి ఖర్చు. ఈసారి అమ్మడానికి ఉంగరం కూడా లేదు. కచేరీలు చేసి, పాఠాలు చెప్పి కొంత కూడబెట్టి, మిగతాది అప్పు చేసి మద్రాసు రైలెక్కాడు.

మద్రాసులో సముద్రాల గారి ఇల్లు చిన్నది. వాళ్ళకు ఇబ్బంది ఎందుకని పగలంతా అవకాశాల కోసం తిరిగి రాత్రి పానగల్ పార్కులో పడుకునేవాడు. సముద్రాల గారు తీసుకెళ్ళి చిత్తూరు నాగయ్య గారికి, బి.ఎన్. రెడ్డి గారికి పరిచయం చేశారు. విన్నారు, బాగుందన్నారు, అవకాశం వచ్చినప్పుడు చూద్దామన్నారు. ప్లేస్‌మెంట్లలో మనకు చెప్పే మాటే అది. రేడియోలో పాడాడు, సినిమాల్లో బృందగానంలో గొంతు కలిపాడు, చిన్న చిన్న వేషాలు వేశాడు. చివరికి 1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాట పాడే అవకాశం వచ్చింది. దానికి ముట్టింది నూటపదహారు రూపాయలు.

ఆ తర్వాత బాలరాజు, మనదేశం, కీలుగుర్రం, పాతాళభైరవి. ఈ భాగం మీ అందరికీ తెలిసినదే కాబట్టి తొందరగా దాటేస్తాను. 1951 నాటికి తెలుగు సినిమాలో మగ గొంతు అంటే ఆయనే. ఎన్టీఆర్‌కీ ఆయనే, ఏఎన్నార్‌కీ ఆయనే. ఎవరికి పాడితే వాళ్ళ గొంతులా వినిపించేవాడు. పాడటమే కాదు, సంగీతం కూడా ఆయనే కట్టేవాడు. ఒకటి మాత్రం చెప్పకుండా దాటలేను. అన్నం పెట్టలేకపోయిన ఆ గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు తర్వాత మద్రాసు వచ్చి, ఘంటసాల పోయేదాకా ఆయన పక్కన హార్మోనియంతో, సంగీత సహాయకుడిగా ఉన్నారు. విజయనగరంలో ఒక డబ్బాతో మొదలైన లెక్క అక్కడికి వచ్చింది.

ఇప్పుడు మా వాడి కాగితం దగ్గరికి ఒకసారి వద్దాం. 1956 డిసెంబర్ 4, ఘంటసాలకు ముప్పై నాలుగు నిండిన రోజు. ఆ రోజు మెంఫిస్‌లో కార్ల్ పెర్కిన్స్ తన రికార్డింగ్ పెట్టుకున్నాడు. పియానోకి కొత్త కుర్రాడు జెర్రీ లీ లూయిస్‌ని పిలిచారు. అంతకు ముందు ఏడే ఆ కంపెనీ వదిలి పెద్ద కంపెనీకి పోయి పెద్ద స్టారైన ఎల్విస్ ఊరికే చూసిపోదామని వచ్చాడు. జానీ క్యాష్ వచ్చాడు. కబుర్లలో పడి పాడుకున్నారు. ఎవరో టేపు ఆపకుండా వదిలేశారు కాబట్టి మనకు మిగిలింది. అది జనంలోకి రావడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ టేపు నాకు మా వాడే వినిపించాడు. నేను వీర రాక్ ఏదో ఉంటుందనుకున్నా. ఎక్కువ భాగం చర్చిలో పాడే భక్తి పాటలు! ఆ నలుగురూ బీద ఇళ్ళ పిల్లలు, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న పాటలే ముందు నోటికొచ్చాయి. తండ్రి భుజాల మీద తరంగాలు విన్న పిల్లాడు నాకప్పుడే గుర్తొచ్చాడు. ఒకరిది మెంఫిస్, ఒకరిది చౌటపల్లి, ఇద్దరి పాటా భజనలోంచే వచ్చింది.

ఈసీఈ వాళ్ళ కోసం ఇంకో సంగతి. ఆ రోజుల్లో అక్కడైనా, మద్రాసులోనైనా రికార్డింగ్ అంటే గాయకుడూ వాద్యాలూ అందరూ ఒకేసారి. ఒకటి రెండు మైకులు. ఎవరు మైకుకి ఎంత దూరంలో నిలబడితే అదే మిక్సింగ్. చివరి చరణంలో తబలా ఆయన చెయ్యి జారితే మొదటినుంచి మళ్ళీ పాడాలి. ఒక్కో లైను విడిగా పాడి అతికించడం లేదు, శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ లేదు. మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. కొన్ని పాటలకు బాణీలు కట్టి సాలూరి రాజేశ్వరరావు గారు తప్పుకుంటే, ఆ బాణీల్ని వాద్యాలతో రికార్డు చేసి, మిగతా సంగీతమంతా పూర్తి చేసింది ఘంటసాల. వేరేవాళ్ళు సగంలో వదిలేసిన ప్రాజెక్టు చేతికొస్తే మనం ఎంత గొణుగుతామో తెలుసు కదా. ఆ సినిమాలో అతుకు ఎక్కడుందో నాకైతే ఇప్పటికీ దొరకలేదు.

ఘంటసాల పేరు చెబితే పాటల కంటే ముందు పద్యం అంటాడు మా తాత. మా తాతకు నాటకాల పిచ్చి. మా సైడు జాతరల్లో కురుక్షేత్రం నాటకం తెల్లవార్లూ ఆడతారు. ఒక్క పద్యం చివర రాగం ఎంతసేపు లాగితే అంత ఈలలు, వన్స్ మోర్‌లు. ఆ లాగుడులో పద్యంలో ఏముందో జనం మరిచిపోయేవారు. ఘంటసాల చేసిందేమిటంటే, రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చాడు. ప్రతి పదం విడిగా, అర్థం తెలిసేలా, వెనక సన్నగా వాద్యం. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఆయన గొంతులో వినండి. కోయబోయిన మనిషితో పువ్వు మొరపెట్టుకుంటుంది, అంతే కథ. దాంట్లో ఆయన విద్వత్తు ఎక్కడా చూపించుకోడు, పువ్వు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఇది విన్నాక చెట్టు మీది పువ్వు తెంపబుద్ధి కాలేదని మా అవ్వ అంటుంది. మా తాతకు మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. ఘంటసాల పద్ధతి వచ్చాక స్టేజి మీద లాగేవాళ్ళకు ఈలలు తగ్గాయని. తాతా, అది నీ గొంతు తగ్గి కూడా కావచ్చు అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

అన్నీ గెలుపులేమీ కావు. సొంతంగా పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ అని మూడు సినిమాలు తీశాడు. డబ్బు మిగల్లేదు. పాడి సంపాదించింది తీసి పోగొట్టుకోవడం ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల గారి సంగీతంలో శివశంకరీ పాడాడు. దర్బారీ కానడ రాగం. పాడేవాళ్ళు ఇప్పటికీ పోటీల్లో దాన్నే ఎంచుకుంటారు, సగం మంది మధ్యలో దొరికిపోతారు. 1963లో లవకుశ. 1970లో పద్మశ్రీ. అదే ఏడు హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో రజతోత్సవం చేశారు, వేలమంది వచ్చారు. ఒకప్పుడు పక్క ఊరి కచేరీలో ఆయన పాటకు జనం నవ్వారు. ఆ తర్వాత అంత జనం ముందు కూర్చున్నాడు.

1971లో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా తిరిగి కచేరీలు చేశాడు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో పాడాడు. తెల్ల పంచె, మెత్తని గొంతు. ఆ ఏడు డిసెంబర్ 4న, ఆయనకు నలభై తొమ్మిది నిండిన రోజున, మాంత్రో కసీనోలో ఫ్రాంక్ జాపా బృందం వాయిస్తుండగా ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు. పైకప్పు అంటుకుంది. జనం బయటపడ్డారు, కసీనో కాలి బూడిదైంది. అక్కడే ఆల్బమ్ రికార్డు చేద్దామని, లారీలో అమర్చిన స్టూడియో అద్దెకు తీసుకొని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్ళు సరస్సు మీద పరుచుకున్న పొగ చూస్తూ నిలబడ్డారు. వాళ్ళకూ కాలేజీకి తాళం పడినట్టే అయింది. ఊళ్ళో మూసి ఉన్న ఒక హోటల్ పట్టుకొని దాని వరండాల్లో వాయించి ఆల్బమ్ పూర్తి చేశారు. ఆ పొగ మీద కట్టిన పాట మొదటి ముక్క వాయించకుండా మా వాడు నిద్రపోడు. మా ఫ్లోర్లో అందరం అది కలలో కూడా వింటాం.

మరుసటి ఏడు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా ఘంటసాలకు గుండెనొప్పి వచ్చింది. అప్పటికే షుగరు ఉంది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉండి బయటికి వచ్చాడు. వచ్చి మళ్ళీ సినిమాలకు పాడాడు. అట్లాంటి ఆరోగ్యంతోనే 1973లో భగవద్గీత రికార్డింగ్‌కు కూర్చున్నాడు. వందకు పైగా శ్లోకాలు ఎంచుకొని, ఒక్కో శ్లోకం వెనక తెలుగులో తాత్పర్యం. సంస్కృతం రాని మనిషికి కూడా అర్థం కావాలన్నది దాని ఉద్దేశం. పద్యానికి చేసిందే గీతకూ చేశాడు. రాగం పక్కకు జరిపి మాటను ముందు పెట్టాడు. ఆ గొంతులో ఆయాసం ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఈ మధ్య ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మొత్తం విన్నాను. ఆయాసం కంటే తాత్పర్యం చెప్పేటప్పుడు ఒక రకమైన తొందర లేనితనం వినబడింది నాకు. పక్కన కూర్చోబెట్టుకొని పాఠం చెప్పే మేష్టారి గొంతు అది.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆస్పత్రిలో పోయాడు. యాభై ఒక్క ఏళ్ళు. భగవద్గీత రికార్డు ఆ తర్వాత విడుదలైంది. అంటే జనం దాన్ని మొట్టమొదట విన్నది ఆయన లేనప్పుడే. ఆయన పోయిన దుఃఖంలో ఆంధ్రదేశమంతా విన్న రికార్డు అది. మా కోసిగిలో అది చావు గొంతు కావడానికి అదీ ఒక కారణమేమో అనిపిస్తుంది. గీతలో మాట్లాడేది యుద్ధానికి లెమ్మని ఒక బతికున్న మనిషితో. మేం మాత్రం దాన్ని ఇక లేవని మనిషి కోసం పెడతాం.

ఇదంతా మా రూమ్మేట్‌కి ఒకే రాత్రి చెప్పలేదు. జోలె సంగతి చెప్పినప్పుడు వాడు గిటార్ పక్కన పెట్టి విన్నాడు. జైలు బళ్ళారిలో అంటే, మీ ఊరి దగ్గరే కదరా అన్నాడు. జాపా కూడా యాభై రెండేళ్ళకే పోయాడని వాడే గుర్తు చేశాడు. మర్నాడు చూస్తే కాగితం కింద మిగిలిన కాస్త చోటులో సన్నగా ఒక లైను: 1922, ఘంటసాల, చౌటపల్లి. స్కెచ్ పెన్ను సిరా అయిపోయినట్టుంది, బాల్ పెన్నుతో రాశాడు.

ఇప్పుడు వాడికి కొత్త పిచ్చి పట్టింది. దర్బారీలో గాంధారం నిలబడదు, ఊగుతూ ఉంటుంది. గిటార్‌కు మెట్లు ఉంటాయి కాబట్టి ఆ ఊపు నేరుగా రాదు. తీగను వేలితో పక్కకు లాగి వదులుతూ ఉండాలి. రాత్రి పదకొండు దాటాక వరండాలో కూర్చొని ఆ ఒక్క స్వరం మీదే తంటాలు పడుతున్నాడు. మొన్న ఒకసారి దాదాపు వచ్చింది. అంతలో వార్డెన్ లైట్లు ఆర్పమన్నాడు.